మూడు పాయింట్ పది

గొణుగుడు మళ్ళీ అదే మాట అన్నాడు.

"నేను మూడు పాయింట్ పదే పెట్టాను మేడమ్. ఇంకెన్నిసార్లు చెప్పమంటారు?"

డిటెక్టివ్ చేతిలోని పెన్ను బల్ల మీద పడేసింది. పొద్దున్నుంచి ఆ అద్దాల గదిలో ఇదే పాట. చిరాకేమిటంటే అతను అబద్ధం ఆడటం లేదు. అబద్ధం ఆడేవాడైతే ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు, పని తేలికవుతుంది. ఇతను నిజమే చెబుతున్నాడు. ఆ నిజానికీ, ఆసుపత్రిలో జరిగినదానికీ మాత్రం ఎక్కడా పొంతన కుదరడం లేదు.

గొణుగుడు పనిచేసే కంపెనీ ఆసుపత్రుల పంపులకి ప్రోగ్రాములు రాస్తుంది. మంచం పక్కన స్టాండుకి బిగించి, రోగి నరంలోకి మందు కొంచెం కొంచెంగా పంపే పంపులు. పోయిన వారం కాలికి ఆపరేషన్ అయిన ఒక బస్సు డ్రైవరుకి నొప్పి తెలియకుండా మందు పెట్టారు. డాక్టరు రాసింది గంటకి 1.08 మిల్లీలీటర్లు. నర్సు నొక్కింది 1.08. తెర మీద కనపడింది కూడా 1.08. పంపు మాత్రం 1.8 చొప్పున ఎక్కించింది. ఆ డ్రైవరు ఇంకా కళ్ళు తెరవలేదు.

పంపు విప్పి చూస్తే లోపల అంకెలు చదివే లైబ్రరీ పాతది దొరికింది. లైబ్రరీ అంటే ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్క. తెచ్చుకుని మన ప్రోగ్రాములో కలుపుకోవచ్చు. దాని 3.9 వెర్షన్‌కి ఒక జబ్బుంది. పాయింట్ పక్కనే సున్నా వస్తే మింగేస్తుంది. 3.10లో ఆ జబ్బు నయం చేశారు. కంపెనీలో ఆ కొత్త వెర్షన్‌కి మారే పని అప్పగించింది గొణుగుడికే. కంప్యూటరుతో లోగొంతుకలో పోట్లాడుకుంటూ పనిచేస్తాడని వాళ్ళు పెట్టిన పేరది. ఇవాళ సాయంత్రం అయిదింటికి కంపెనీ పోలీసులకి ఫిర్యాదు ఇవ్వబోతోంది. కావాలని పాత లైబ్రరీ పెట్టాడని అందులో అతని పేరే రాశారు. మిగతా పంపుల్ని వెనక్కి పిలిచే ఊసు మాత్రం ఇంకా ఎవరూ ఎత్తలేదు. డిటెక్టివ్‌ని పిలిపించింది అతని భార్య. మొగుడి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఆవిడ రిసెప్షన్‌లో కూర్చునే ఉంది. కదలమన్నా కదలడం లేదు.

గొణుగుడు లాప్‌టాప్ తిప్పి చూపించాడు. ప్రాజెక్టు ఫైలులో ఒకే ఒక్క వరుస. లైబ్రరీ పేరు, పక్కన 3.10. పరీక్షలన్నీ పచ్చటి టిక్కులు. ఆర్నెల్ల కిందట పెట్టిన మార్పు, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

ఈ వృత్తిలోకి రాకముందు డిటెక్టివ్ కూడా కొన్నేళ్ళు జావా ప్రోగ్రాములు రాసింది. అది మానెయ్యడానికి ఉన్న కారణాల్లో ఇలాంటి ఉదయాలు ఒకటి. అన్నీ సవ్యంగా కనిపిస్తాయి, పని మాత్రం తగలడుతుంది.

తలుపు తోసుకుని సెక్యూరిటీ హెడ్ లోపలికొచ్చాడు. రిటైరైన పోలీసాఫీసరు. మనిషి లోపలికొస్తే గదిలో గాలి కూడా పక్కకి జరిగినట్టుంటుంది. వీటన్నిటికీ మించి, డిటెక్టివ్ సొంత అక్క మొగుడు.

"ఇంకా అవలేదా మరదలా? మా స్టేషన్లో అయితే ఈ పాటికి టీ కూడా తాగించి పంపేసేవాళ్ళం."

"మీ స్టేషన్లో టీ తాగినవాళ్ళు నడుచుకుంటూ బయటికొచ్చిన దాఖలాలు లేవులే బావా."

గొణుగుడు నవ్వబోయి ఆపుకున్నాడు. బావ అతని వంక చూడకుండా చేతిలోని కాగితం బల్ల మీద పెట్టాడు. ఫిర్యాదు ప్రతి. పది నిమిషాలసేపు ఇద్దరూ దాని మీద కొట్లాడుకున్నారు. ఆమె బిల్డ్ మిషన్ గది చూడాలంది. బిల్డ్ మిషన్ అంటే అందరూ రాసిన ముక్కల్ని పోగేసి, పంపుల్లోకి ఎక్కించే తుది ప్రోగ్రాము తయారుచేసే కంప్యూటరు. ఆ గది తన అధికారం కిందిదనీ, బయటివాళ్ళకి ప్రవేశం లేదనీ అతనన్నాడు. డైరెక్టర్ని అడుగుతానందామె. అడుక్కోమన్నాడు. కావాల్సిన సాక్ష్యం అసలు ఈ గదిలోనే ఉందని వేలితో లాప్‌టాప్ తెర మీద కొట్టాడు.

"నేరం వాడే ఒప్పుకుంటున్నాడు, నీకు వినపడటం లేదు అంతే. ఇక్కడ అంతకుముందు మూడు పాయింట్ తొమ్మిది ఉండేది. దాన్ని మూడు పాయింట్ పదికి తగ్గించాడు. తగ్గించి, కొత్తది పెట్టానంటాడు. చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు ఏది ఎక్కువో."

గొణుగుడు ఏదో గొణిగాడు. డిటెక్టివ్ కణతలు నొక్కుకుంది. ఫిర్యాదు రాసిన మనిషికి ఈ మాత్రం తెలియదా అనిపించింది.

"బావా, ఇవి కొలతలు కాదు, వరుస నంబర్లు. మూడో పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం, దాని తర్వాత పదో అధ్యాయం. తొమ్మిది పాతది. పది కొత్తది. నువ్వు తగ్గించాడంటున్నావు చూడు, అది పెంచడం."

బావ చెయ్యి తెర మీద అలాగే ఉండిపోయింది.

మరదలి దగ్గర మాట పడ్డాడు కదా, మొహం మాడిందిలే అనుకుంది డిటెక్టివ్. ఆ అనుకోవడమే ఆ రోజుకి ఆమె చేసిన పెద్ద పొరపాటు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. అక్క. పిత్తాశయంలో రాయి తీయించుకోవడానికి ఆసుపత్రిలో చేరింది. ఆపరేషన్ ఇవాళే.

"మీ బావ నీ దగ్గరే ఉన్నాడు కదూ? నువ్వాయన్ని తిట్టడం పూర్తయితే ఇటు పంపించు. పదకొండింటికి నన్ను లోపలికి తీసుకెళ్తారట. ఇంతోటి పెళ్ళానికి ఒకసారి మొహం చూపిస్తే పోయేదేం లేదని చెప్పు."

డిటెక్టివ్ ఫోను బావకి వినపడేలా పట్టుకుంది. ఇప్పుడే బయల్దేరుతున్నానని అతనన్నాడు. గొంతులో ఇందాకటి దర్పం లేదు. ఫిర్యాదు కాగితం కూడా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. గోడ గడియారంలో పదీ నలభై.

అతను వెళ్ళాక ఆమె కుర్చీ గొణుగుడి పక్కకి లాక్కుంది. ఇంకోసారి మొదట్నించీ చూపించమంది. లైబ్రరీల చిట్టా మొత్తం చెట్టులా తెర మీద పరిచే ఆజ్ఞ ఒకటుంది. ఏ లైబ్రరీ ఎవరి వెంట వచ్చిందో, ఏ వెర్షన్‌లో వచ్చిందో చూపిస్తుంది. గొణుగుడు విసుగ్గా టైపు చేశాడు. చెట్టు వచ్చింది. 3.10.

"చూశారా?"

"చూశాను. ఇది ఏ ఫోల్డర్లోంచి అడిగావు?"

"నాదాన్లోంచే. మోతాదు లెక్కలు నావి కదా."

"నీ మోతాదు లెక్కల్ని తీసుకెళ్ళి తుది ప్రోగ్రాములో కలుపుతారు. ఆ ఫోల్డర్లోంచి ఎప్పుడైనా అడిగావా?"

"అది నాది కాదు మేడమ్. అది బిల్డ్ వాళ్ళది."

"మరి వాళ్ళు అడిగారా?"

"వాళ్ళెందుకు అడుగుతారు? లైబ్రరీ పెట్టింది నేను కదా."

డిటెక్టివ్ తెర వంకా, అతని వంకా చూసింది. ఆ తర్వాత నవ్వింది, కానీ అందులో సంతోషం లేదు. అదీ సంగతి. ఈ కంపెనీలో ఎవరి వంట వాళ్ళు రుచి చూసుకున్నారు. వడ్డించిన విస్తరి ఒక్కరూ ముట్టుకోలేదు.

ఈ రకం జావా ప్రాజెక్టుల్లో ఒక మెలిక ఉంది. చిన్న చిన్న ప్రాజెక్టులన్నిటికీ పైన పేరెంట్ ఫైలు ఒకటి ఉంటుంది. ఫలానా లైబ్రరీ ఎవరి వెంట వచ్చినా సరే, ఈ వెర్షనే వాడండి అని అందులో రాయొచ్చు. గొణుగుడు తన ఇంట్లో 3.10 పెట్టుకుంటే అతని ఇంట్లో అదే చెల్లుతుంది, అతని పరీక్షలూ నెగ్గుతాయి. అతని ప్రోగ్రాము వేరే ఇంటికి వెళ్ళి కలిశాక మాత్రం అక్కడ చెల్లేది పేరెంట్ మాట. దానికి గొణుగుడి సంతకం అక్కర్లేదు. అతనికి తెలియాల్సిన పని కూడా లేదు.

ఇద్దరూ పేరెంట్ ఫైలు తెరిచారు. దారి దొరికిందన్న ఆశ అక్కడే చచ్చింది. అందులోనూ 3.10 అనే ఉంది. పాత మార్పులన్నీ తిరగేశారు. ఈ ఆర్నెల్లలో ఎన్నడూ దాన్ని 3.9 అని మార్చిన జాడ లేదు.

గొణుగుడు లాప్‌టాప్ టపీమని మూసేశాడు. "ఇంక నన్ను జైల్లో వేసెయ్యండి మేడమ్. కనీసం అక్కడ కంప్యూటర్లు ఉండవు."

"ఉంటాయి. ఇంకా పాతవి ఉంటాయి. కూర్చో."

బిల్డ్ మిషన్ గదికి అనుమతి తెచ్చుకోవడానికి మూడు గంటలు పట్టింది. డైరెక్టరు మీటింగులో ఉన్నాడు. మీటింగు అయ్యాక భోజనంలో ఉన్నాడు. భోజనం అయ్యాక సెక్యూరిటీ హెడ్‌ని అడగమన్నాడు. సెక్యూరిటీ హెడ్ భార్యకి ఆపరేషన్ అవుతోందనీ, ఆ భార్య తనకి తోడబుట్టిన అక్క అనీ, తను అక్కడ ఉండాల్సింది పోయి ఇక్కడ కాగితం కోసం నిలబడిందనీ డిటెక్టివ్ చెప్పాక, ఆ గొంతు విని డైరెక్టరు సంతకం పెట్టాడు.

నడవలోకి వచ్చాక ఫోను తీసి చూసుకుంది. అక్క పంపిన మెసేజి, పదకొండింటికి ఇంకా రెండు నిమిషాలుందనగా వచ్చింది. 'లోపలికి తీసుకెళ్తున్నారు. మీ బావ ఇంకా రాలేదు. ఇంటికొచ్చాక ఇద్దరి పనీ చెబుతా.' ఆ కింద నర్సు ఫోనులోంచి ఇంకోటి. ఆపరేషన్ సవ్యంగా అయింది, వార్డుకి మార్చారు.

ఊపిరి పీల్చుకుంది. ఆసుపత్రి ఈ ఆఫీసుకి రెండు వీధుల అవతలే ఉంది. పదీ నలభైకి బయల్దేరిన మనిషి పదకొండుకి చేరకపోవడమేమిటన్న సంగతి మనసులో ఒక మూల ముల్లులా గుచ్చుకుంది. దాన్ని పట్టించుకునేంత తీరిక లేదు.

బిల్డ్ మిషన్ గది చలికి వణుకుతోంది. దాన్ని చూసుకునే ఆవిడ రెండు స్వెట్టర్లు వేసుకుని, శాలువా కప్పుకుని కూర్చుంది. ఈ గదిలో కంప్యూటర్లకున్న సుఖం మనుషులకి లేదని ముందే చెప్పింది. పంపులోకి ఎక్కించే తుది ప్రోగ్రాము ఫోల్డర్లోంచి చెట్టు చూపించమని డిటెక్టివ్ అడిగింది. ఇలా అడిగిన మొదటి మనిషి మీరేనని ఆవిడ ఆశ్చర్యపోయి, టైపు చేసింది.

3.10.

డిటెక్టివ్ ఆ అంకె వంక చూస్తూ నిలబడింది. కోపం అరికాళ్ళ నుంచి లేచింది. ఇక్కడా అదే. ఏ తలుపు తీసినా అదే మొహం. అతని ఫోల్డర్లో పది, పేరెంట్ ఫైల్లో పది, ఈ మిషన్లో పది. పంపు కడుపులో మాత్రం తొమ్మిది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. రిసెప్షన్‌లో బ్యాగు పట్టుకుని కూర్చున్నావిడకి ఏం చెప్పాలో తెలియక ఆగింది.

"ఇది ఇప్పటి సంగతి. ఆ డ్రైవరుకి పెట్టిన పంపులో ప్రోగ్రాము తయారైన రోజున ఈ మిషన్ ఏమని రాసుకుందో ఉంటుందా?"

ఉంటుందంది ఆవిడ. మిషన్ ప్రతి బిల్డుకీ సొద పెడుతుంది, ఆ సొదంతా దాచిపెడుతుంది, చదివే దిక్కే లేదు. వెతికి తీసింది. వేల వరుసల మధ్య ఒకే ఒక్క వరుస. అంకెల లైబ్రరీ, 3.9. దాని పక్కన బ్రాకెట్లో చిన్న మాట. '3.10 నుంచి పైవారి ఆజ్ఞతో మార్చినది' అని దాని అర్థం.

శాలువా ఆవిడ కళ్ళద్దాలు సరిచేసుకుంది. "మార్చినదా? ఎవరు మార్చారు? ఫైళ్ళన్నిటిలో పదే ఉంది కదా."

"ఫైళ్ళలో మార్చలేదు. ఈ మిషన్‌కి సొంత సెట్టింగులు ఉంటాయి కదా. ప్రాజెక్టులో ఏం రాసినా సరే, ఈ మిషన్లో మాత్రం ఇదే చెల్లాలి అని అందులో ఒక వరుస రాస్తే చాలు. ప్రోగ్రామర్ల కంట పడదు. వాళ్ళ లాప్‌టాపుల్లో ఆ ఫైలే ఉండదు. ఏదీ, తెరవండి."

తెరిచారు. వెర్షన్ వరుసేదీ లేదు. కానీ ఆ వరుస ఉండాల్సిన చోట, పైన ఎవరో తమ కోసం రాసుకున్న గమనిక ఒకటి మిగిలిపోయింది. వరుస చెరిపినవాడికి గమనిక కూడా చెరపాలని తోచలేదు. తెలుగులోనే ఉంది.

'భద్రత దృష్ట్యా: ఎవరూ 3.9 కంటే తగ్గించరాదు.'

డిటెక్టివ్ దాన్ని ఒకసారి చదివింది. రెండోసారి చదవలేదు. చదవాల్సిన అవసరం లేకపోయింది. తగ్గించడం. పొద్దున ఆ మాట అద్దాల గదిలో విన్నది, వేలితో తెర మీద కొడుతూ అన్నది. ప్రోగ్రామరు ఎవడూ 3.10 పెట్టడాన్ని తగ్గించడం అనడు. తొమ్మిదిని పదికంటే పెద్దదనుకున్న మనిషే ఇది రాశాడు. చెడు చెయ్యాలని కాదు. అందరిచేతా కొత్తదే వాడించాలని, పట్టుబట్టి మరీ, పాతదాన్ని తెచ్చి అందరి నెత్తిన కూర్చోబెట్టాడు.

"ఈ ఫైలు చివరిసారి ఎప్పుడు మారింది?"

"ఇవాళే. పదీ యాభై రెండుకి." శాలువా ఆవిడ గొంతు తగ్గింది. "అప్పుడు నేను గదిలో లేను మేడమ్. సార్ వచ్చి, వెళ్ళి టీ తాగి రమ్మన్నారు. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఒకర్ని టీ తాగమనడం నేను చూళ్ళేదు. ఆరోగ్యం బాలేదేమో అనుకున్నా."

వెనక తలుపు తెరుచుకుంది.

బావ లోపలికొచ్చాడు. చేతిలో ఆసుపత్రి పార్కింగ్ చీటీ ఇంకా నలుగుతూనే ఉంది. శాలువా ఆవిడని బయటికి వెళ్ళమన్నాడు. వద్దు, ఇక్కడే ఉండండి అంది డిటెక్టివ్. ఆవిడ లేచి, మళ్ళీ కూర్చుంది. తెర మీద ఏముందో అతనికి గుమ్మంలోంచే కనపడింది.

"పొద్దున నువ్వు చెప్పేదాకా నాకు తెలీదు," అన్నాడు.

అతను చెప్పింది ఇదీ. ఏడాది కిందట భద్రత తనిఖీకి వచ్చినవాళ్ళు, పాత లైబ్రరీలు వాడుతున్నారని కంపెనీ మొహాన చీవాట్లు పెట్టారు. ప్రోగ్రామర్లకి అతను ఎన్నోసార్లు చెప్పాడు. ఒక్కడూ లెక్కచేయలేదు, వెనక నవ్వుకున్నారు. ఒక కన్సల్టెంటు దగ్గర ఈ సెట్టింగు కిటుకు నేర్చుకుని, ఇక వీళ్ళని అడిగేదేమిటని తనే వచ్చి రాసేశాడు. ఆర్నెల్ల కిందట గొణుగుడు 3.10 అన్నప్పుడు, తన వరుస అడ్డంగా ఉంది కదా, వాడి ఆటలు సాగవులే అనుకున్నాడు.

"మూడు పాయింట్ తొంభై అనుకున్నా. పదికంటే తొంభై ఎక్కువ కదా. ఎవరైనా అలాగే అనుకుంటారు."

"ఎవరైనా అనుకోవచ్చు. తెలిశాక ఏం చేశారన్నదే ప్రశ్న బావగారూ. అయిదింటికి ఆ కాగితం ఇచ్చేవారేనా? ఆయన భార్య పొద్దున్నుంచి బయట కూర్చుని ఉంది."

బావగారూ అనేసరికి అతని మొహంలో ఏదో తెగింది. ఎప్పుడో సరదాకి తప్ప ఆమె అతన్ని అలా పిలవదు.

"తప్పు దిద్దేశాను కదా," అన్నాడు. "వరుస తీసేశాను. ఇక ఎవరికీ ఏం కాదు. నేను ఆసుపత్రికి వెళ్ళకుండా ముందు ఇక్కడికొచ్చింది అందుకే. మీ అక్క లోపలికి వెళ్ళేలోపు ఇది సరైపోవాలనే. ఇప్పుడే చూసి వస్తున్నా, బాగానే ఉంది. మన పంపే పెట్టారు."

డిటెక్టివ్‌కి ఆ గది చలి ఇప్పుడు తెలిసింది.

"ఏ పంపు?"

"మన కంపెనీదే. నొప్పి మందుకి. భయం లేదు, చెప్పాను కదా, తీసేశానని."

"బావా." ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. "నువ్వు తీసింది ఈ మిషన్లోంచి. ఇక మీదట తయారయ్యేదాంట్లో పది ఉంటుంది. ఇదివరకే తయారై ఆసుపత్రులకి వెళ్ళిపోయినవాటిలో ఏదీ మారదు. ఆ పంపులో ఇంకా తొమ్మిదే ఉంది."

అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఎన్నో స్టేషన్లలో ఎంతోమందిని కూలబడేలా చేసిన మనిషి, కుర్చీ ఎక్కడుందో వెతుక్కున్నాడు.

డిటెక్టివ్ అప్పటికే వార్డుకి ఫోన్ చేస్తోంది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఈసారి నర్సు ఎత్తింది. ఆమె అక్క మంచం నంబరు చెప్పి, పంపులో ఎంత పెట్టారో చూసి చెప్పమంది. నర్సు నడిచి వెళుతున్న చప్పుడు వినపడింది. చెప్పుల చప్పుడు, ఆగింది.

"ఒకటి పాయింట్ సున్నా ఆరు మేడమ్. డాక్టరు రాసింది అంతే, తెర మీదా అంతే ఉంది."

"ముందు ఆ పంపు ఆపండి. ఇప్పుడే. కారణం తర్వాత చెబుతాను. ఆపి, డాక్టర్ని పిలవండి."

"ఆపుతున్నాను మేడమ్. కానీ కంగారేం లేదు, పేషెంటు హాయిగా నిద్రపోతున్నారు." మాట ఆగింది. అటువైపు నర్సు అక్క పేరు పెట్టి పిలవడం వినపడింది. ఒకసారి, ఆ తర్వాత కొంచెం గట్టిగా ఇంకోసారి.

"మేడమ్," అంది నర్సు, గొంతు మారిపోయి. "లేపుతుంటే లేవట్లేదు."